ఖులా అడుక్కునేది కాదు

మా ముద్దనూరులో మొగుడు 'తలాఖ్ ఇచ్చినాడు' అంటారు. పెళ్లాం మాత్రం 'ఖులా అడిగింది' అంటారు. వాడు ఇస్తాడు, ఆమె అడుగుతుంది. వాణ్ని కారణమడగని పెద్దమనుషులు ఆమెను సాక్ష్యాలడుగుతారు. మా చరిత్రంతా ఈ తేడాలోనే ఉంది.

తప్పు రుజువు చెయ్యకుండానే విడిపోవచ్చన్న కాలిఫోర్నియా చట్టం 1970లో అమలుకొచ్చింది. ఆ మాట మాకు కొత్తకాదు. సాబిత్ బిన్ ఖైస్ భార్య ప్రవక్త దగ్గరికొచ్చి, మొగుడి గుణంలోగానీ దీన్‌లోగానీ లోపం లేదనీ, అయినా అతనితో బతకలేననీ చెప్పిందని హదీసు. మెహరుగా పుచ్చుకున్న తోట తిరిగిస్తానంది. విడిపోయింది. తప్పెవరిదని ఎవరూ తీర్పు చెప్పలేదు.

తర్వాత ఫిఖా పండితుల్లో ఎక్కువమంది మొగుడు ఒప్పుకుంటేనే ఖులా అన్నారు. దారి మూసుకుపోయి పంజాబులో కొందరు ఆడవాళ్లు మతమే వదిలారు. అప్పుడు ఉలేమా కదిలారు. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. మొగుడు నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా, హింసించినా కోర్టుకెక్కొచ్చు. మేలే. అయితే దాదాపు అన్నీ మొగుడి తప్పులో లోపాలో. అన్నీ రుజువు చెయ్యాల్సినవే. కువైట్ పోయి పైసా పంపనోడి మీద కేసేస్తే, ఇక్కడి పిల్ల వాయిదా వాయిదాకీ బస్సెక్కాల.

2017లో సుప్రీంకోర్టు ఒకేసారి చెప్పే మూడు తలాఖులను కొట్టేసింది. 2019 చట్టం దాన్ని నేరం చేసి మూడేళ్లదాకా జైలంది. మగాడి నోటికి తాళమేశారు. ఆడదాని కాలి గొలుసు తియ్యలేదు. మమ్మల్ని ఉద్ధరిస్తామన్నోళ్లూ, షరియత్‌ను కాపాడతామన్నోళ్లూ ఆ గొలుసు గురించి మాట్లాడలేదు. ఉమ్మడి పౌరస్మృతి అనేవాళ్లకు ఒక మాట: హిందూ వివాహ చట్టంలో 1976 నుంచి ఉన్నది ఇద్దరూ ఒప్పుకుంటే ఇచ్చే విడాకులే. ఒక్కరే ఇక వద్దనుకుంటే అక్కడా చాలదు.

2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా భార్య హక్కేననీ, మొగుడి ఒప్పుదల అక్కర్లేదనీ, ముఫ్తీ కాగితం తప్పనిసరి కాదనీ చెప్పింది. మా ముద్దనూరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కిందిది. ఆ తీర్పు ఇక్కడ దారి చూపుతుందేగానీ కట్టడి చెయ్యదు. అందుకే ఆ మాట చట్టంలోకే ఎక్కాలంటున్నాం. మేం కొత్త హక్కు కోరడం లేదు. ఆ తోట తిరిగిచ్చి బయటికి నడిచిన ఆడమనిషి హక్కునే వాపసు అడుగుతున్నాం.