రేడియో కట్టేశాక మొదలయ్యే మాట



ఈ ప్రత్యేక సంచికకు ఏం రాయాలని మేము కూర్చున్నప్పుడు, పోరాటాల గురించి, పండుగల గురించి, రేలా పాటల గురించి రాసేవాళ్లు ఉన్నారు కదా అనిపించింది. అందుకే మేము చిన్న సంగతి ఒకటి ఎంచుకున్నాం. మన గూడేల్లో, తండాల్లో ఒకప్పుడు రేడియో చుట్టూ జరిగిన మాటామంతీ గురించి ఈ వ్యాసం. రేడియోలో ఏం చెప్పారన్నది ఎక్కడో ఒకచోట కాగితాల మీద ఉంటుంది. అది విని మన తాతలు, అవ్వలు ఏమనుకున్నారన్నది మాత్రం ఎక్కడా రాసిలేదు. మా దృష్టిలో మన చరిత్ర ఆ రెండోదాంట్లోనే ఎక్కువ ఉంది.

రెండు పాలనలు, ఒకే అడవి

కల్లూరు నిజాం రాజ్యంలో ఉండేది. గోదావరి అవతలి భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో, తూర్పు గోదావరి జిల్లా కింద ఉండేది. అడవి ఒకటే, బంధుత్వాలు ఒకటే, పాలన మాత్రం వేరు. రేడియో కూడా అలాగే రెండు దిక్కుల నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన దక్కన్ రేడియోలో ఉర్దూదే పెద్దపీట. అటు మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది. తెలుగు గొంతు మన దగ్గరకు వచ్చింది 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యాకే. 1950లో దక్కన్ రేడియో కూడా ఆలిండియా రేడియోలో కలిసింది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది, 1959లో భద్రాచలం ప్రాంతం ఈ జిల్లాలోకి వచ్చింది.

ఈ తేదీలన్నీ పట్నాలవి. గూడెం దాకా రేడియో రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. రేడియో అంటే మొదట దొర ఇంట్లోనో, కరణం ఇంట్లోనో ఉండే పెట్టె. దానికి లైసెన్సు ఉండేది, ఏటా పోస్టాఫీసులో రుసుం కట్టాలి. మనవాళ్లు ఆ ఇంటి అరుగు కింద, వాకిట్లో నిలబడి వినేవారు. ఆ తర్వాత పంచాయతీ రేడియో వచ్చింది. పంచాయతీ ఆఫీసులో పెట్టె, బయట స్తంభానికి మైకు. సాయంత్రం అయ్యేసరికి ఊరంతా వినబడేది. అయితే ఆ మైకు ఊరి నడుమ ఉండేది. గూడేనికి చేరేసరికి సగం మాట గాలికి పోయేది. ఆ పోయిన సగం ఏమిటన్న దగ్గరే మనవాళ్ల ముచ్చట మొదలయ్యేది.

వినండి, చర్చించండి, ఆచరించండి

రేడియో విన్నాక జనం మాట్లాడుకోవాలన్నది ప్రభుత్వం కూడా ఒకప్పుడు అనుకున్న పనే. 1956లో పుణె చుట్టుపక్కల జిల్లాల్లో, యునెస్కో సాయంతో, సుమారు 150 ఊళ్లలో ఒక ప్రయోగం చేశారు. ప్రతి ఊళ్లో ఇరవై మంది దాకా ఒకచోట కూర్చుని వారానికి రెండుసార్లు రేడియో వినాలి, విన్నదాని మీద చర్చించాలి, సందేహాలుంటే ఉత్తరం రాయాలి, వాటికి రేడియో జవాబు చెప్పాలి. దీన్ని రేడియో గ్రామీణ గోష్ఠి అన్నారు. 'వినండి, చర్చించండి, ఆచరించండి' అన్నది దాని మంత్రం. 1959లో దాన్ని దేశమంతటా విస్తరించారు.

ఆలోచన మంచిదే. ఉత్తరం రాయడం దగ్గరే చిక్కు వచ్చింది. 1960ల చివర రేడియోలో వ్యవసాయ కార్యక్రమం అంటే ఐఆర్-8 వరి, యూరియా, పురుగుమందు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే పొలాలకు ఆ మాటలు పనికొచ్చాయి. పోడు చేసుకుని జొన్న, కొర్ర, సామ పండించుకునే మన తాతలు అవే మాటలు విని వేరే ప్రశ్నలు వేసుకున్నారు. ఎరువు వేయమంటున్నారు, అసలు ఈ భూమి మనదని ముందు ఎవరు రాసిస్తారు? అడవిలో దున్నితే గార్డు ఊరుకుంటాడా? ఆ ప్రశ్నలు కోయ మాటలో, గోర్ మాటలో పుట్టాయి. రేడియోకు ఉత్తరం తెలుగులో రాయాలి, రాయడానికి చదువు రావాలి. చాలా ప్రశ్నలు నెగడు దగ్గరే ఉండిపోయాయి. అడగలేదు కాబట్టి మనవాళ్లకు ప్రశ్నలే లేవని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

ట్రాన్సిస్టర్ తెచ్చిన సందడి

ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియో మన చేతికొచ్చింది. తోలు సంచీ వేసుకుని భుజానికి తగిలించుకుని పశువుల వెంట అడవికి కూడా పోయింది. పెళ్లిలో అల్లుడికి సైకిలు, గడియారం, రేడియో పెట్టడం గొప్ప అయింది. సెల్లు అయిపోతే కొనడానికి డబ్బులుండేవి కావు. ఎండలో పెట్టి, కాస్త జీవం వచ్చాక మళ్లీ వేసేవారు. అందుకే రేడియోను ఊరికే మోగనిచ్చేవారు కాదు. వార్తలకు, పాటలకు, నాటకానికి మాత్రమే పెట్టి, టక్కున కట్టేసేవారు. కట్టేశాక గంటసేపు దాని మీదే మాటలు నడిచేవి.

ఏం మాట్లాడుకునేవారో పెద్దల నోట మేము విన్నవి రెండు చెబుతాం.

మొదటిది శ్రీరామనవమి. భద్రాచలం సీతారాముల కల్యాణానికి ఆకాశవాణి ప్రత్యక్ష వ్యాఖ్యానం ఇచ్చేది. ఉషశ్రీ గారి గొంతు వినడానికి పనులు మానుకుని కూర్చునేవారు. రేడియోలో మిథిలా ప్రాంగణం కళ్లకు కట్టేది. కంచర్ల గోపన్న గుడి కట్టించిన కథ అందరికీ తెలుసు. రేడియో కట్టేశాక మన ఇళ్లలో ఇంకో కథ మొదలయ్యేది. గోపన్న కంటే ముందు పుట్టలో ఉన్న రాముణ్ణి చూసింది ఎవరు? తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టింది ఎవరు? మన కోయ ఆడబిడ్డ పోకల దమ్మక్క. రేడియోలో ఆ పేరు వచ్చినా రాకపోయినా, ప్రతి నవమికీ పిల్లలకు ఆ పేరు చెప్పింది మన అవ్వలే. రేడియో ఊరికి ఒక కథ తెచ్చింది, ఆ కథలో మన చోటు ఎక్కడో చూపించింది వాళ్లు.

రెండోది గోదావరి వరద. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వానాకాలంలో ఈ అంకెలు రేడియోలో వినడం మనకు అలవాటు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు పెరిగింది. ఇప్పటికీ అదే రికార్డు. కల్లూరు గోదావరి ఒడ్డున లేదు, కానీ మన ఆడపడుచులు, మేనమామలు దుమ్ముగూడెం వైపు, చర్ల వైపు ఉన్నారు. ఫోన్లు లేని రోజుల్లో వాళ్ల క్షేమం అడగడానికి రేడియో ఒక్కటే దిక్కు. అంకె విని ఊరుకునేవారు కాదు. ఇన్ని అడుగులంటే ఏ వాగు ఎగదన్నుతుంది, ఏ గూడెం దారి తెగుతుంది, మన పిల్ల ఇల్లు మెరక మీద ఉందా పల్లంలో ఉందా అని లెక్కగట్టేవారు. రేడియో అడుగుల్లో చెబితే మనవాళ్లు దాన్ని మనుషుల్లోకి మార్చుకునేవారు. 2022 జూలైలో నీళ్లు మళ్లీ 71.3 అడుగులకు వచ్చినప్పుడు సమాచారమంతా ఫోన్‌లోనే వచ్చింది. ఆ లెక్కగట్టడం తెలిసినవాళ్లు మాత్రం అప్పటికే తగ్గిపోయారు.

సిగ్గు కూడా నేర్చుకున్నాం

మంచి ఒక్కటే చెబితే చరిత్ర కాదు. రేడియో మనకు తెలుగు నేర్పింది, లోకం చూపింది. దానితోపాటు, రేడియోలో వచ్చేదే సరైన మాట, ఇంట్లో మాట్లాడేది మోటు మాట అన్న సిగ్గు కూడా ఎక్కింది. బడికి పోయే పిల్లలు నలుగురిలో కోయ మాట, లంబాడీ మాట ఆపేశారు. మన పాట రేడియోలో వస్తే జానపద గీతం అన్న పేరుతో వచ్చేది, అది ఎవరి పాటో చాలాసార్లు తెలిసేది కాదు.

2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాష అని చెప్పినవారు 4 లక్షలకు పైగా ఉన్నారు. లంబాడీ అని చెప్పినవారు 32 లక్షలకు పైగా ఉన్నా, వాళ్లను హిందీ కింద కలిపి లెక్కవేశారు. ఈ రెండు భాషలూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో లేవు. వినబడని భాష లెక్కలోకి రావడం కష్టం.

మన వైపు వచ్చిన స్టేషన్లు

1980లలో ఆకాశవాణి పట్నాలు దాటి జిల్లాల్లో స్థానిక కేంద్రాలు పెట్టడం మొదలుపెట్టింది. 1986లో ఆదిలాబాద్ కేంద్రం వచ్చింది, గోండి మాటకూ పాటకూ చోటిచ్చింది. 1989లో కొత్తగూడెం కేంద్రం వచ్చింది. సింగరేణి బొగ్గు, భద్రాద్రి అడవి, ఖమ్మం మిర్చి అన్నీ తెలిసిన స్టేషన్ మనకు దగ్గరయింది. తెలిసిన ఊరి పేరు రేడియోలో వస్తే ఆ రోజంతా అదే ముచ్చట.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. టీవీ వచ్చింది, తర్వాత ఫోన్ వచ్చింది. టీవీ ముందు కలిసి కూర్చున్నా మాట తగ్గింది. ఫోన్ వచ్చాక కలిసి కూర్చోవడమే తగ్గింది. ఇప్పుడు మనకు వినడానికి బోలెడు ఉంది, విన్నదాని మీద మాట్లాడుకునే అరుగు లేదు.

ఇప్పుడు దారి తెరిచి ఉంది

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం అనుమతించింది. 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టారు. చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి, పండుగల గురించి తమ యాసలోనే మాట్లాడారు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర వచ్చింది. మామూలు ఫోన్‌తో తమ ఊరి సంగతి చెప్పి రికార్డు చేయవచ్చు, అవతలివాళ్లు ఫోన్‌లోనే వినవచ్చు. గోండి మాట్లాడేవాళ్లు తమ బాధలు తమ భాషలోనే చెప్పుకున్నారు. మన తాతలు పంపలేకపోయిన ఉత్తరం ఇదే.

మనం రేపే స్టేషన్ పెట్టాలని మేము అనడం లేదు. దానికి లైసెన్సు, డబ్బు, మనుషులు కావాలి. ముందు చేయగలిగిన పని మీ జేబులోనే ఉంది. ఈ పండుగకు ఇంటికి వెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లను ఈ ప్రశ్నలు అడగండి.

మొదటిసారి రేడియో ఎక్కడ విన్నారు? లోపల కూర్చుని విన్నారా, బయట నిలబడి విన్నారా? ఆడవాళ్లు వినేవారా? ఎనభై ఆరు వరదప్పుడు ఏం విన్నారు, ఎవరి కోసం భయపడ్డారు? రేడియోలో చెప్పింది తప్పని ఎప్పుడైనా అనుకున్నారా? రేడియోను ఒక ప్రశ్న అడగగలిగి ఉంటే ఏం అడిగేవారు?

వాళ్లు ఏ భాషలో జవాబు చెబితే ఆ భాషలోనే ఉంచండి. తెలుగులోకి మార్చమని అడగొద్దు. మధ్యలో కోడి కూసినా, మనవడు ఏడ్చినా తీసేయొద్దు. ఊరి పేరు, తేదీ చెప్పి దాచండి, వాళ్లు ఒప్పుకుంటేనే మన సంఘానికి పంపండి. అవన్నీ ఒకచోట చేరిస్తే ఈ ప్రాంతపు మొదటి మాటల భాండాగారం అవుతుంది. రేపు మనకు రేడియో వచ్చిన రోజు అందులో మొదట వినిపించాల్సింది అదే.

తొందరపడమని ఒక్క మాట చెప్పాలి. దక్కన్ రేడియో విన్న తరం ఇప్పటికే దాదాపు వెళ్లిపోయింది. పంచాయతీ మైకు కింద నిలబడ్డ తరం ఇంకా మన ఇళ్లలో, మంచం మీద, వాకిట్లో ఉంది. వాళ్లకు చెప్పాలని ఉంది. పక్కన కూర్చుని అడిగేవాళ్ల కోసమే చూస్తున్నారు.