చిక్కడం, ఒళ్లు చేయడం: తెలుగు హాస్యచిత్రాల్లో శరీరభావన

నెల్లూరు తీరప్రాంతంలోని జగదేవిపేటలో 1921లో జన్మించిన రమణారెడ్డి బక్కపలచని దేహంతోనే తెలుగు తెరపై హాస్యనటుడిగా స్థిరపడ్డారు. స్థూలకాయులైన రేలంగితో ఆయన జంట ప్రసిద్ధం. ఆ జంట హాస్యంలో సన్నదనం, లావు రెండూ నవ్వుకు ఆలంబనలే. ఏదీ చికిత్స అవసరమైన దోషం కాదు.

'గుండమ్మ కథ' (1962)లో ఈ దృష్టి మరింత స్పష్టం. కపటి ఘంటయ్యగా రమణారెడ్డి, గయ్యాళి గుండమ్మగా భారీకాయురాలైన సూర్యకాంతం నటించారు. సవతి కూతురిని బాధించే గుండమ్మలో కథ మార్చదలచింది స్వభావాన్నే గాని శరీరాన్ని కాదు.

'సైజ్ జీరో' (2015) నాటికి బరువే కథావస్తువైంది. లావుగా ఉన్న కూతురి పెళ్లి గురించి తల్లి బెంగ, బరువు తగ్గిస్తామనే కేంద్రం మోసం అందులో ప్రధానాంశాలు. చిత్రం ఆ వ్యాపారాన్ని ఎదిరించింది. అయితే ఆ పాత్ర కోసం అనుష్క బరువు పెరగవలసి వచ్చింది. అంటే స్థూలకాయం కథానాయికకు సహజరూపం కాక వేషమైంది.

ఈ మార్పు నిత్యవ్యవహారంలోనూ కనిపిస్తుంది. 'చిక్కిపోయావు' అన్న మాటలో ఆదుర్దా ఉంది. 'సన్నబడ్డావు' అన్నది నేడు మెప్పు. బరువు భయంతో తిండి మానినవారి రుగ్మతను ఈ మెప్పు కప్పిపుచ్చుతుంది. వారు కోలుకొని మళ్లీ తినసాగినప్పుడు 'ఒళ్లు చేశావు' అన్న పలకరింపు నిందగా తాకుతుంది. ఆరోగ్యాన్ని కూడా సూచించగల ఆ పలుకుబడికి ఆ అర్థం తిరిగి దక్కడం కోలుకునేవారికి అవసరం.