హలో: పలకరింపు కన్నా ముందు కేక

గ్రాహంబెల్ ప్రియురాలి పేరు మార్గరెట్ హలో అనీ, ఫోను కనిపెట్టగానే ఆయన నోట మొదట ఆ పేరే వచ్చిందనీ ఒక కథ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. బెల్ 1877 జులైలో పెళ్లాడింది మేబెల్ హబ్బర్డ్‌ను. చిన్నతనంలోనే జ్వరం తగిలి ఆమెకు వినికిడి పోయింది. 1876 మార్చి 10న తీగమీద బెల్ పిలిచింది సహాయకుడు వాట్సన్‌ని. పైగా ఫోనెత్తితే అనాలని ఆయన ముచ్చటపడిన మాట ‘అహోయ్’. అది ఓడవాళ్ల కేక.

ఈ కథను కొట్టిపారేసే పెద్దలు వెంటనే ఇంకో కథ అందుకుంటారు: హలోను సృష్టించింది ఎడిసన్ అని. అదీ నిలవదు. వేటకుక్కల్ని ఉసిగొల్పే ‘హలూ’, దూరాన పోయేవాణ్ణి ఆపే ‘హొల్లా’ షేక్స్‌పియర్ నాటికే ఇంగ్లిషులో ఉన్నాయి. ‘హలో’ అనే రూపమే 1826లో కనెటికట్ పత్రికలో అచ్చయింది. ఎడిసన్ పుట్టింది 1847లో.

అలాగని ఆయన వాటాను తీసెయ్యలేం. 1877 ఆగస్టు 15న పిట్స్‌బర్గ్‌లోని ఒక టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడికి ఆయన రాసిన ఉత్తరం ఉంది. అప్పటికి ఎక్స్ఛేంజీలు లేవు. రెండు చోట్ల మధ్య తీగ ఎప్పుడూ తెరిచే ఉంటుందని ఊహ. మరి అవతలివాణ్ణి ఫోను దగ్గరికి రప్పించడం ఎలా? గంట అక్కర్లేదు, హలో అని అరిస్తే 10, 20 అడుగుల దాకా వినబడుతుంది అన్నాడు ఎడిసన్. ఈ ఉత్తరాన్ని ఉదహరించేవాళ్లు ఆ గంట సంగతి మీద అంతగా నిలవరు. నాకు అసలు విషయం అక్కడే ఉందనిపిస్తుంది. ఆయన కోరింది మర్యాద మాట కాదు, గంట చేసే పని చేసే కేక.

ఒక సలహా ఉత్తరంతోనే దేశమంతా ఒక మాటకు అలవాటు పడిందంటే నమ్మలేను. 1878 జనవరిలో న్యూహేవెన్‌లో ఎక్స్ఛేంజి తెరిచారు. ఆ సెప్టెంబరులో బోస్టన్‌లో ఎమ్మా నట్ తొలి మహిళా ఆపరేటరుగా చేరింది. 1889 నాటి మార్క్ ట్వేన్ నవలలో ఆపరేటరు పిల్లను ‘హలో గర్ల్’ అనేశారు. ఆ మాటను వాళ్లే ఎంచుకున్నారా, పైవాళ్లు నేర్పారా అన్నది వేరే సంగతి. జనం నోళ్లలో నానబెట్టిన ఖ్యాతిలో పెద్ద భాగం మాత్రం ఆ స్విచ్‌బోర్డులదే అంటాను.

తర్వాత ఇంగ్లిషువాళ్లు దాన్ని ఎదురుపడ్డప్పటి పలకరింపుగానూ స్థిరపరచుకున్నారు. ఫ్రెంచివాళ్లు ‘అలో’ను దాదాపు ఫోనుకే ఉంచుకున్నారు. మనమూ చాలాకాలం అంతే: ఫోనులో హలో, గుమ్మంలో నమస్కారం.

ఇప్పుడు ఫోనులోనూ దాని పని తగ్గింది. తెరమీద పేరు ముందే పడుతుంది గనక “ఆఁ, చెప్పన్నా” అంటూ ఎత్తుతున్నాం. ఇది నాకు హాయిగానే ఉంది. ముక్తసరి ‘హలో’ కన్నా అందులో మనిషి ఉన్నాడు. సిగ్నలు పోయినప్పుడు మాత్రం “హలో... హలో... వినబడుతోందా?” అని మేడెక్కి మరీ అరుస్తాం. బస్సులో సీటు దగ్గర తగువొస్తే “హలో, మిమ్మల్నే!” అంటాం. ఆ రెండో హలోలో పలకరింపు బొత్తిగా లేదు; వేటగాడి కేకే ఉంది. దాన్ని సరదా కింద సినిమాలూ రీళ్లూ మరీ మప్పుతున్నాయి, అదే నాకు మింగుడుపడదు.