బంతి మనది, జట్టు ఎవరిది?



మాదాపూరు, గచ్చిబౌలి వైపు కాపురాలున్న మీలో చాలామంది ఇళ్ళల్లో పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకుని స్పెయిన్ దేశపు ఫుట్‌బాల్ చూస్తూంటారు. ఒకడు రియల్ మాడ్రిడ్ అంటాడు, ఒకడు బార్సిలోనా అంటాడు. మర్నాడు కాఫీల దగ్గర అన్నదమ్ములకి మాటలుండవు. 1902లో మొదలైన పోటీ అది. ఆ క్లబ్బులకి బాస్కెట్‌బాల్ జట్లు కూడా ఉన్నాయి, అక్కడా అదే పంతం.

అలాంటి పంతం మన హైదరాబాదుకీ ఒకప్పుడు ఉండేది, కలకత్తా వాళ్ళతో. ఇది పిల్లలకి మనమే చెప్పాలి.

మన పక్షాన నిలిచింది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. దాన్ని తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. బంతిని దూరంగా తన్ని పరుగెత్తడం కాదు, పక్కవాడికి చిన్నగా అందిస్తూ ముందుకు పోవాలని నేర్పారాయన. 1950లో ఆ జట్టు మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. బొంబాయి రోవర్స్ కప్పయితే 1950 నుంచి 1954 దాకా అయిదేళ్ళూ మనదే! 1957లో ఈస్ట్ బెంగాల్ మీద డ్యూరాండ్ మళ్ళీ గెలిచారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా పేరు మారాక 1961లో మోహన్ బగాన్‌ని మళ్ళీ ఓడించారు. 1963లో అదే మోహన్ బగాన్ బదులు తీర్చుకుంది. ఆ ఏడే రహీం గారు కన్నుమూశారు.

తరవాత ఏమైందంటారా? కలకత్తా వాళ్ళు మనల్ని మైదానంలో కంటే మన ఇళ్ళ దగ్గరే ఎక్కువ ఓడించారనాలి. సికింద్రాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. నయీముద్దీన్ వెళ్ళాడు. హబీబ్ 1966లో వెళ్ళాడు, తమ్ముడు అక్బర్ కూడా వెళ్ళాడు. ఇక్కడ పోలీసు కొలువుంటే కొడుకు కళ్ళెదుట ఉండేవాడు, నిజమే. కానీ అక్కడ డబ్బుంది, వేలాది జనం జేజేలున్నాయి. ఏ తల్లి మాత్రం వద్దనగలదు? 1977లో పెలే ఆడిన కాస్మాస్ జట్టు కలకత్తా వస్తే, మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన ఇద్దరిలో ఒకడు మన హబీబే.

చాలా ఏళ్ళకి, 2019లో, మీ గచ్చిబౌలి స్టేడియమే సొంతగడ్డగా హైదరాబాద్ ఎఫ్‌సి అనే జట్టు వచ్చింది. 2022లో సెమీఫైనల్లో మోహన్ బగాన్‌ని (అప్పుడు పేరుకి ముందు ఏటీకే అని ఉండేది లెండి) 3-2తో దాటి, ఫైనల్లో కేరళని పెనాల్టీలలో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మరుసటి ఏడు సెమీఫైనల్లో మళ్ళీ వాళ్ళే. ఈసారి పెనాల్టీలలో మనం పోయాం.

ఇక్కడే స్పెయిన్‌కీ మనకీ ఉన్న తేడా చూడండి. మాడ్రిడ్, బార్సిలోనా క్లబ్బులు ఏ ఒక్కరి సొత్తూ కావు. ఏటా చందా కట్టే సభ్యులవి, అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది వాళ్ళే. 1990లో అక్కడి ప్రభుత్వం క్లబ్బులన్నీ కంపెనీలు కావాలని చట్టం తెస్తే, దానినుంచి మినహాయింపు పొందిన నాలుగింటిలో ఇవి రెండు. ఎవరో కొనుక్కుని మరో ఊరు పట్టుకుపోయే వీలు లేదు.

మన పోలీసు జట్టు ఒక శాఖది. హైదరాబాద్ ఎఫ్‌సి యజమానులది. అది చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మార్చుకుంది. 1889లో పుట్టిన మోహన్ బగాన్ మాత్రం ఇప్పటికీ కలకత్తాలోనే ఉంది.