తీగను విన్న అయస్కాంతము

మాండొలిన్ మీటగానే మ్రోగును, అంతలోనే అణగిపోవును. నాదము నిలువనిచోట గమకము పలుకదు. అట్టి వాద్యముపై, 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక రాగములను ఎట్లు ఆలపింపగలిగెను?

దీనికి సమాధానము గిటారు చరిత్రలో కలదు. తీగ స్వరమును విద్యుత్తుగా మార్చబూనినవారు 1920ల దశకములో వాద్యపు పెట్టె కంపనమును పట్టజూచిరి. ఫలితము బలహీనముగా నుండెను. 1931లో అమెరికాలో జార్జి బీచమ్ పెట్టెను విడిచి తీగనే ఆశ్రయించెను. ఉక్కుతీగల చెంత అయస్కాంతమును, రాగితీగ చుట్టను అమర్చెను. తీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము మారి, చుట్టలో విద్యుత్తు పుట్టును. ఇది 1831లో ఫారడే కనుగొనిన సూత్రమే. బీచమ్‌కు 1937లో పేటెంటు లభించినది.

ఇక బోలు పెట్టెతో పనిలేదు. గట్టి కొయ్యపై బిగించిన తీగ తన శక్తిని పెట్టెను కదల్చుటకు వ్యయపరుపదు; నాదము చాలసేపు నిలుచును. శ్రీనివాస్ జంట తీగలను విడిచి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టుటలోని మర్మమిదియే. ఆయన 2014లో కన్నుమూసెను.

రేడియోలో ఆ వాద్యము వినవచ్చినపుడు మనము స్వరపు నిలుకడను గమనింతము. నిలుకడ అయస్కాంతము ఇచ్చినది. అందులో రాగమును నింపినది వాదకుని వ్రేలు.