ఆరుకి ఆరు చూపు, అరిగిపోయిన నరం

జంషెడ్‌పూర్ చరిత్రకీ నీటికాసులు (గ్లాకోమా) అనే కంటిజబ్బు చరిత్రకీ చుట్టరికం ఏమిటని అడగొచ్చు. తారీఖులు పక్కపక్కన పెడితే కొంత తెలుస్తుంది. 1905లో నార్వే వైద్యుడు షియోట్జ్ కంటి లోపలి ఒత్తిడిని కొలిచే చిన్న పరికరం తయారుచేశాడు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ పుట్టింది. మరుసటేడు సాక్చీలో, అంటే ఇప్పటి జంషెడ్‌పూర్‌లో, చిన్న వైద్యశాల వెలిసింది. ఇవాళ టాటా మెయిన్ హాస్పిటల్ అంటున్నది దాన్నే. 1909లో మద్రాసు ప్రభుత్వ కంటాసుపత్రి నుంచి నీటికాసులకి కొత్త ఆపరేషన్ లోకానికి పరిచయమైంది. 1912లో సాక్చీ కొలిమి నుంచి మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది.

కార్మికుల క్షేమం విషయంలో ఈ ఊరు దేశానికంటే ముందు నడిచింది. 1912లోనే ఎనిమిది గంటల పని, 1915లో ఉచిత వైద్యం. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చీకి టాటా సంస్థల వ్యవస్థాపకుడు జంషెడ్‌జీ పేరు పెట్టాడు. బెంగాల్ నాగపూర్ రైలెక్కి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. బిష్టుపూర్ రామమందిరం, కద్మా ఆంధ్ర అసోసియేషన్ వాళ్లు నిలబెట్టుకున్నవే. అయితే ఆసుపత్రి ఎంత దగ్గరున్నా రోగి వెళ్లి బాధ చెప్పుకుంటేనే వైద్యం మొదలవుతుంది. నీటికాసుల్లో ఎక్కువమందికి చెప్పుకోవడానికి బాధే ఉండదు. ఈ జబ్బు చరిత్ర మొత్తాన్నీ ఈ ఒక్క ఇబ్బందే నడిపించింది.

ప్రాచీనులు ఈ జబ్బును కంటి ముందు భాగంలో వెతికారు. గ్రీకు వైద్యులు కనుపాప రంగు మారడం చూశారు. సుశ్రుతుడు తలను చిలికినట్టు నొప్పి పెట్టే కంటిజబ్బును అధిమంథం అన్నాడు. అది హఠాత్తుగా ఒత్తిడి పెరిగే రకమని నేటి వైద్యుల్లో చాలామంది అభిప్రాయం. 1622లో ఇంగ్లండులో రిచర్డ్ బానిస్టర్ ఈ జబ్బులో కన్ను వేలికి గట్టిగా తగులుతుందని రాశాడు. ఆ మాటను రెండు శతాబ్దాలపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపల చూసే పరికరం కనిపెట్టడంతో కథ మలుపు తిరిగింది. బతికున్న మనిషి కంటినరం మొదలు అప్పుడే కనబడింది. జర్మనీ వైద్యుడు ఫాన్ గ్రేఫె ఆ నరం తల దగ్గర ఉబ్బు ఉందనుకున్నాడు. నిజానికి అది గుంట. ఒంటికన్నుతో చూస్తే గుంట గుట్టలా భ్రమింపజేస్తుంది మరి. చనిపోయినవారి కళ్లను కోసి చూసిన ముల్లర్ 1856లో అది పల్లమేనని తేల్చాడు, గ్రేఫె ఒప్పుకున్నాడు. మరుసటేడే గ్రేఫె కంటిపాప చుట్టూ ఉండే తెరలో చిన్న ముక్క తీసేసి హఠాత్తు రకం నీటికాసులను నయం చేసి చూపించాడు. అంతవరకూ ఆ జబ్బుకి మందంటూ లేదు.

1909 నాటి ఆ కొత్త ఆపరేషన్ చేసిన మద్రాసు వైద్యుడు రాబర్ట్ హెన్రీ ఇలియట్ గురించి తెలుగువాళ్లం ఇంకాస్త ఎక్కువ మాట్లాడుకోవాలి. ఆనాడు కోస్తా జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలోవే. ఇలియట్ నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచున చిన్న గుండ్రటి రంధ్రం చేసి, లోపలి నీరు కంటిపొర కిందకి జారేలా చూశాడు. కొన్ని దశాబ్దాలపాటు ఐరోపా వైద్యులు కూడా ఆ పద్ధతినే పాటించారు. రంధ్రంమీది పొర పలచబడి సూక్ష్మక్రిములు లోపలికి పోయే ప్రమాదం ఉండటంతో, 1968లో కెయిర్న్స్ ఆ దారికి తెల్లగుడ్డు పొరతోనే మూత పెట్టే పద్ధతి తెచ్చాడు. దాన్నే ఇప్పటికీ ట్రబెక్యులెక్టమీ అంటున్నారు. ఇలియట్ ఇంగ్లండు వెళ్లిపోయాక ఇంద్రజాలికుల సంఘంలో చేరి, గాలిలో తాడు నిలబెట్టే భారతీయ గారడీని నిరూపిస్తే 500 గినీలిస్తామని 1930లలో సవాలు విసిరాడు. కన్ను ఏం నమ్ముతుందో తేల్చుకోవాలన్న తపన చివరిదాకా వదల్లేదన్నమాట.

తూర్పు భారతానికి మరో అధ్యాయం ఉంది, అది వంటింటిది. 1909లోనే కలకత్తాలో మేనార్డ్ అనే వైద్యుడు కాళ్ల వాపు జబ్బుతో వచ్చినవారిలో కొందరి కళ్లలో ఒత్తిడి పెరిగి ఉండటం గమనించాడు. ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలవడమే ఆ వాపులకు కారణమని తర్వాత తేలింది. ఆవగింజల్లో ఆ గింజలు కలిసినా పోల్చుకోవడం కష్టం. అందులోని విషం సన్నని రక్తనాళాలను వాపజేస్తుంది, కంట్లో నీరూ ఒత్తిడీ పెరుగుతాయి. 1998లో ఢిల్లీలో ఈ కల్తీ 60 మంది ప్రాణాలు తీసింది.  పల్లీనూనె అలవాటుతో వచ్చి బీహారు గాలికి ఆవనూనెకి మారిన తెలుగు వంటిళ్లకీ ఇది తెలియాల్సిన చరిత్రే.

అలా వందేళ్లపాటు వైద్యం ఒత్తిడి చుట్టూనే తిరిగింది. 1876లో చుక్కల మందులు మొదలయ్యాయి, 1978లో టిమోలాల్, 1996లో లాటానోప్రోస్ట్ వచ్చాయి. ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 పాదరసపు మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అది ఆ హద్దు దాటనివారిలో కూడా నరం అరగడం కనబడ్డాక, జబ్బు అసలు చోటు వేరే ఉందన్న అనుమానం బలపడింది.

ఆ చోటు నరమే. రెటీనాలోని గాంగ్లియన్ కణాల తోకలు దాదాపు 10 నుంచి 12 లక్షలు ఒక కట్టగా చేరి, కంటి వెనకున్న జల్లెడలాంటి పొర గుండా బయటికి వెళ్తాయి. ఒత్తిడికి ఆ పొర వంగితే, వాటి గుండా అటూ ఇటూ నడిచే పోషకాల రవాణా ఆగిపోతుంది. కణం ఆకలితో చస్తుంది. గర్భంలో మెదడు నుంచే మొలిచిన భాగం కాబట్టి ఈ నరం ఒకసారి పోతే తిరిగి మొలవదు. కణాలన్నిటి గమ్యం చూపొక్కటే కూడా కాదు. వాటిలో కొన్ని పగలూ రాత్రీ తేడాను మెదడుకి చేరవేస్తాయి. ముదిరిన నీటికాసుల్లో నిద్ర చెదరడానికి అదొక కారణం కావచ్చు.

నరం కట్టలో ఎక్కువ భాగం మెదడు మధ్యలో ఆరు పొరలున్న లేటరల్ జెనిక్యులేట్ న్యూక్లియస్ అనే మజిలీకి చేరుతుంది. అక్కడినుంచి సందేశం తల వెనకున్న దృష్టి కేంద్రానికి పోతుంది. 2000 ప్రాంతంలో టొరంటోలో యూజెల్, నీరూ గుప్తా కోతుల్లో ఒత్తిడి పెంచి చూస్తే ఆ మజిలీలోని కణాలు కూడా చచ్చిపోయాయి. 2006లో వాళ్లే, నీటికాసులతో బతికి చనిపోయిన మనిషి మెదడు పరిశీలించి, నరం నుంచి దృష్టి కేంద్రం దాకా క్షీణత ఉందని చూపించారు. కంట్లో మొదలైన నష్టం తీగ పట్టుకుని పైకి పాకుతుందన్నమాట. ఇవాళ ఎమ్మారైల్లోనూ ఆ మజిలీ కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది.

మెదడు మరో పని కూడా చేస్తుంది. రెండు కళ్లూ పంపినదాన్ని కలిపి, లేని ముక్కల్ని చుట్టుపక్కల రంగులతో పూడ్చేస్తుంది. అందువల్ల రోగికి నల్లటి మచ్చ కనపడదు, సొరంగంలోంచి చూస్తున్నట్టూ ఉండదు. మెట్టు ఎందుకు తప్పిందో, పక్కనుంచి స్కూటర్ ఎప్పుడొచ్చిందో అర్థం కాదు, అంతే. దాదాపు 40 శాతం నరపు పోగులు పోయేదాకా చూపు పరీక్షలో లోపం బయటపడకపోవచ్చని అమెరికాలో క్విగ్లీ 1982లోనే చెప్పాడు.

కార్ఖానాలకి ఇక్కడే చిక్కు. 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షను ఎగిరిపడే ముక్కల నుంచి కంటిని కాపాడమంది. క్రేన్ నడిపేవారికి చూపు పరీక్షలూ ఎప్పటినుంచో ఉన్నవే. 1862లో స్నెలెన్ తయారుచేసిన అక్షరాల చార్టు కొలిచేది చూపు నడిబొడ్డును మాత్రమే, నీటికాసులు చివరిదాకా వదిలేసేదీ దాన్నే. 6/6 చదివిన మనిషికి రెండువైపులా అంచులు పోయి ఉండొచ్చు. దీనికి తోడు, కంట్లో రజను పడి ఎర్రబడగానే చీటీ లేకుండా మందుల షాపులో కొనే స్టెరాయిడ్ చుక్కలున్నాయి. అవి నెలల తరబడి వేసుకుంటే కొందరిలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ అలవాటు జంషెడ్‌పూర్ ఒక్కదానిదే కాదులెండి, దేశమంతటా ఉంది.

1996లో హైదరాబాదులో మొదలై, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేలమందికి పైగా చేసిన కంటి సర్వే ఈ నిశ్శబ్దాన్ని లెక్కలోకి తెచ్చింది. నెమ్మదిగా ముదిరే రకం ఉన్నట్టు హైదరాబాదులో తేలినవారిలో పదిమందికి తొమ్మిదిమందికి పైగా తమకది ఉందని అప్పటిదాకా తెలియదు. దేశంలో నలభై దాటినవారిలో కోటికి పైగా రోగులున్నారని తర్వాతి అంచనా.

రాటర్‌డామ్‌లో 1998లో వెలువడిన అధ్యయనం ప్రకారం, రోగి తోబుట్టువులకీ పిల్లలకీ జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం సుమారు 22 శాతం, ఇతరులకి 2.3 శాతం. సాక్చీలోనో బిష్టుపూర్‌లోనో తండ్రికి నీటికాసులని తేలితే చుక్కల సీసాతో పని అయిపోదు. అన్నదమ్ములు పలాసలోనో విజయనగరంలోనో ఉంటారు, కొడుకు బెంగళూరులో ఉంటాడు. విశాఖలో 2006 నుంచి ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ శాఖ ఉంది. ఆ అన్నదమ్ములకీ కొడుక్కీ ఫోన్ చేసి, చార్టు ఒక్కటీ చదివించి పంపేస్తే సరిపోదనీ, కంటి ఒత్తిడి, నరం, అంచుల చూపు మూడూ చూపించుకోమనీ చెప్పాల్సింది ఆ ఇంటి పెద్దే.