ఆక్సోలాటిల్ పెంచాలనుకుంటున్నారా? హిందూపురం, ధర్మవరం ఎండల్లో ముందు చూడాల్సింది ట్యాంకు కాదు.. చల్లదనం!

నవ్వు ముఖం, తలకు రెండు వైపులా ఈకల్లాంటి మొప్పలు.. సోషల్ మీడియా రీల్స్‌లో ఆక్సోలాటిల్‌ను చూసి ముచ్చట పడని వారుండరు. దీన్ని 'నడిచే చేప' అంటారు కానీ ఇది చేప కాదు. సాలమాండర్ జాతికి చెందిన ఉభయచరం. పుట్టిల్లు మెక్సికో సిటీలోని సోచిమిల్కో కాలువలు. అక్కడ సహజంగా మిగిలినవి చాలా తక్కువ. సరిగ్గా చూసుకుంటే ఇంట్లో 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. అయితే శ్రీసత్యసాయి జిల్లా లాంటి చోట దీన్ని పెంచడం అంత ఈజీ కాదు.

అసలు సమస్య వేడి

ఆక్సోలాటిల్‌కు నీళ్లు 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. 20 దాటితే జాగ్రత్త పడాలి. 24 దాటి అలాగే కొనసాగితే ప్రాణం మీదకు వస్తుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.. ఏ ఊరైనా సరే, ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్తుంది. గదిలో 34 డిగ్రీలుంటే, నీళ్ల మీద చిన్న ఫ్యాన్ పెట్టినా తగ్గేది రెండు నుంచి నాలుగు డిగ్రీలే. అంటే అప్పటికీ నీళ్లు 30 దగ్గరే ఉంటాయి.

అందుకే ఇక్కడ అక్వేరియం చిల్లర్ తప్పనిసరి. చాలాసార్లు ట్యాంకు కంటే దీని ధరే ఎక్కువ. కరెంటు పోతే ఏం చేయాలన్నదీ ముందే ఆలోచించుకోవాలి. నీళ్లు నింపి గడ్డకట్టించిన బాటిళ్లను ట్యాంకులో వేయడం కొన్ని గంటలకు పనికొస్తుంది కానీ రోజూ చేసే పని కాదు. ఐస్ ముక్కలు నేరుగా వేస్తే టెంపరేచర్ ఒక్కసారిగా మారి మరింత ఇబ్బంది పడుతుంది.

బోరు నీళ్లు పనికొస్తాయా?

రాయలసీమ బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆక్సోలాటిల్‌కు కాస్త కఠినమైన నీళ్లే నచ్చుతాయి. పీహెచ్ 7.4 నుంచి 7.6 ఉంటే బెస్ట్. అయినా టెస్ట్ కిట్‌తో చూసుకోకుండా వాడొద్దు. పొలాల దగ్గరి బోర్లలో నైట్రేట్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. మున్సిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేందుకు డీక్లోరినేటర్ కలపాలి. ఆర్వో నీళ్లు ఒక్కటే నింపితే లవణాలు ఉండవు. అయితే ఆవిరైన నీళ్ల స్థానంలో ఆర్వో నీళ్లే పోయాలి. మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే లవణాలు పేరుకుపోతాయి.

ట్యాంకు ఇలా సిద్ధం చేయండి

* ఒక్కదానికి కనీసం 75 లీటర్ల ట్యాంకు, రెండున్నర అడుగుల పొడవు ఉండాలి. పైన నెట్ మూత పెట్టాలి.
* అడుగున గులకరాళ్లు వేయొద్దు. మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. సన్నటి ఇసుక చాలు, లేదా ఖాళీగా వదిలేయొచ్చు.
* నీటి ప్రవాహం నెమ్మదిగా ఉండాలి. స్పాంజ్ ఫిల్టర్ సరిపోతుంది.
* కనురెప్పలు ఉండవు కాబట్టి వెలుతురు తక్కువగా ఉంచాలి. దాక్కోవడానికి పైపు ముక్కో, మట్టి కుండో పెట్టాలి.
* చేపలతో కలిపి ఉంచొద్దు. చేపలు మొప్పలు కొరుకుతాయి.

అన్నింటికన్నా ముఖ్యమైనది సైక్లింగ్. వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగాలి. ఇందుకు 4 నుంచి 8 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే ఆక్సోలాటిల్‌ను తేవాలి. ఆ తర్వాత వారానికోసారి 20 నుంచి 25 శాతం నీళ్లు మార్చాలి.

తిండి, హెచ్చరిక సంకేతాలు

పెద్దవాటికి వారానికి రెండు మూడుసార్లు వానపాములు వేస్తే చాలు. పురుగుమందులు కొట్టిన నేలలోనివి మాత్రం వద్దు. మొప్పలు ముందుకు వంగినా, తోక చివర చుట్టుకున్నా, తిండి మానేసినా ముందు నీళ్ల టెంపరేచర్, అమ్మోనియా చెక్ చేయాలి. మొప్పల మీద దూదిలాంటి తెల్లటి బూజు కనిపిస్తే వెటర్నరీ డాక్టర్‌కు చూపించాలి.

చట్టం ఏం చెబుతోంది?

ఆక్సోలాటిల్ అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. కేంద్రం 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఇలాంటి జంతువు చేతికొచ్చిన 30 రోజుల్లోగా పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాబట్టి బెంగళూరు నుంచి తెచ్చుకున్నా సరే, బిల్లు, పత్రాలు అడిగి తీసుకోవాలి. పెంచలేకపోతే చెరువులోనో కుంటలోనో వదిలేయడం తప్పు. వేడికి అది బతకదు, దాని జబ్బులు మన కప్పలకు సోకే ప్రమాదమూ ఉంది.

మే నెలలోనూ నీళ్లను 18 డిగ్రీల దగ్గర నిలపగలిగే ఏర్పాటు ఉంటేనే ఆక్సోలాటిల్‌ను ఇంటికి తేవాలి. లేదంటే రీల్స్‌లో చూసి ఆనందించడమే దానికీ మంచిది.